మాటది ఒక ఊరు, వరసది ఒక ఊరు: తెలుగు క్రైస్తవ కీర్తనల పుట్టుక గురించిన వాదాలు

మస్కట్‌కు పడమట, సీబ్ విలాయత్‌లో ఉంది రుసైల్ పారిశ్రామికవాడ. అక్కడి ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో, వాటి చుట్టుపక్కల లేబర్ క్యాంపుల్లో తెలుగువాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లలో క్రైస్తవులైన వారికి ప్రధాన ఆరాధన శుక్రవారమే, ఎందుకంటే సెలవు ఆ రోజు. ఒమాన్‌లో సామూహిక ఆరాధన ప్రభుత్వం అనుమతించిన ప్రాంగణాల్లోనే జరగాలి. మస్కట్ ప్రాంతంలో అవి రువీలోనూ గాలాలోనూ ఉన్నాయి. రుసైల్‌కు దగ్గరిది గాలా.

సొంత జిల్లాల్లో ఒకరి గుడి మెట్టు ఒకరు ఎక్కని సంఘాలవాళ్లు ఇక్కడ ఒకే ఆవరణలోకి వస్తారు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులు, మెదక్, రాయలసీమ సీఎస్ఐ వాళ్లు, బైబిల్ మిషన్ వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం వీళ్లలో చాలామందికి ఉమ్మడి ఆస్తి. పుస్తకంలో అక్షరాలు అందరికీ ఒకటే. గొంతెత్తేసరికి వరస ఒకటి కాదు. గోదావరి జిల్లాల వరస వేరు, పల్నాటి వరస వేరు. ఏది అసలు? ఆ ‘అసలు’ ఎక్కడ పుట్టింది? గుళ్లో కర్ణాటక రాగాలు పాడాలా, పల్లె దరువులు పాడాలా, పియానో పాటలు పాడాలా అన్న పాత తగవుకు సినిమా వరసలు, యూట్యూబ్ ట్రాకులు తోడయ్యాయి. వాదం బాగా చిక్కుపడింది కాబట్టి, ఎవరు ఏమంటున్నారో, దేనికి ఎంత ఆధారముందో ఒకచోట పెట్టి చూడాలి.

పాట ఒకటి, పుట్టుకలు రెండు

తగవులో సగం ఒకే పొరపాటు నుంచి వస్తోంది. పాటకు సాహిత్యం ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న. వరస ఎక్కడ పుట్టిందన్నది మరో ప్రశ్న. మొదటిదానికి దొరికిన జవాబును చాలామంది రెండోదానికి కూడా అతికిస్తారు. ప్రపంచ క్రైస్తవ సంగీత చరిత్రలో ఇవి రెండూ కలిసి పుట్టిన పాటలకంటే విడివిడిగా పుట్టి తర్వాత జతకట్టిన పాటలే ఎక్కువ అనిపిస్తుంది.

నాలుగో శతాబ్దపు సిరియా కవి ఎఫ్రేము సంగతే చూడండి. ఆయన కంటే ముందు బర్దైసాను అనే తత్త్వవేత్త తన బోధను పాటలు కట్టి జనంలోకి పంపాడు. ఎఫ్రేము ఆ బోధను ఖండించాడు. కానీ ఆ వరసలనే తీసుకుని వాటిలో తన సిద్ధాంతాన్ని పోశాడని సిరియా సంప్రదాయం చెబుతుంది. సిరియాక్ చేతిరాత ప్రతుల్లో పాట తలమీద ‘ఫలానా పాట వరసలో’ అని రాసి ఉంటుంది. స్వరాలు రాయరు. తెలిసిన పాట పేరు చెబితే చాలు, పాడేవాడు అందుకుంటాడు. మన పాటల పుస్తకాల్లో ‘ఫలానా పాట మట్టు’, ‘చాయ’ అని వేసే పద్ధతి సరిగ్గా ఇదే. ఈ రెంటికీ చుట్టరికం ఉందని కాదు. పాట చెవినుంచి చెవికి నడిచే చోట ఎవరికైనా తోచే ఉపాయం ఇది.

ఈ సిరియా సంప్రదాయం ఒమాన్‌కు పరాయిది కాదు. ఆ రోజుల్లో ఒమాన్‌ను మజూన్ అనేవారు. తూర్పు సిరియా సంఘం క్రీ.శ. 424లో జరిపిన సభకు మజూన్ బిషప్ ఒకరు హాజరైనట్టు రికార్డుంది. 676 సభలోనూ మజూన్ పేరుంది. ఇప్పుడు మస్కట్‌లో ఆరాధించే కేరళ ఆర్థడాక్సు, మార్తోమా సంఘాల పాటల్లో సిరియాక్ మూలాల వరసలు ఇంకా వినిపిస్తాయి. తెలుగువాళ్లు తమ పాటల పుట్టుక గురించి తర్కించుకుంటున్న నగరంలో అంత పాత గానమూ సాగుతోందన్న మాట.

ఐరోపా సంగతీ ఇదే. హాన్స్ లియో హాస్లర్ 1601లో అచ్చువేసిన ఒక ప్రేమగీతపు వరస కొద్దికాలానికే క్రీస్తు శ్రమలను పాడే పాటకు వరసైంది. ఈవేళ దానిని వినేవారికి ఆ ప్రేమగీతం ఊసే తెలియదు. ‘అమేజింగ్ గ్రేస్’ మాటలు జాన్ న్యూటన్ 1772లో రాశాడు. మనం ఎరిగిన వరస వాటితో అచ్చులో కలిసింది 1835లో, అమెరికాలో. ఆ అరవై మూడేళ్లూ ఆ మాటలు వేరే వరసల్లో బతికాయి. వీటిలో దేని ‘అసలు వరస’ ఏదని అడిగినా, ఎప్పటి అసలు అని ఎదురు అడగాల్సిందే.

తెలుగులో తొలి అడుగులు

తెలుగు క్రైస్తవ సాహిత్యం ప్రొటెస్టెంటు మిషనరీలతో మొదలు కాలేదు. 18వ శతాబ్దంలో రాయలసీమ, కర్ణాటక సరిహద్దుల్లో జెసూట్ గురువుల సంఘాలున్నాయి. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ ఆ కాలపు కావ్యం. అయితే అది పద్యకావ్యం. చదివించుకుని వినేది, గుళ్లో నలుగురూ కలిసి పాడేది కాదు. సామూహిక గానానికి మూలం వెతికేవారు దానిని దాటి ముందుకు రావాలి.

లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1805లో విశాఖపట్నం చేరారు. 1812లో కొన్ని సువార్తలు, 1818లో కొత్త నిబంధన తెలుగులో అచ్చయ్యాయి. ఆరాధన తెలుగులో జరగాలంటే పాట కావాలి. ముందుగా దొరికింది ఇంగ్లీషు పాటల అనువాదం. దాని బలహీనత తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఆ లోటు తీర్చినవాడు పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో బాప్తిస్మం పొందాడు. 1890లో కన్నుమూసేదాకా బోధిస్తూ తిరిగాడు, వందకు పైగా కీర్తనలు కట్టాడు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, యతి, ప్రాస, రాగం, తాళం అన్నీ కుదిరిన కీర్తనలవి. ఈయన చిన్నతనానికి తంజావూరు సీమలో త్యాగరాజు ఇంకా సజీవుడు. రామదాసు కీర్తనలు ఊరూరా భజనల్లో నలుగుతున్నాయి. ఆ గాలి పీల్చినవాడు క్రీస్తును పాడితే కీర్తన రూపంలోనే పాడతాడు. ఆయన తర్వాత పులిపాక జగన్నాథము, పంతగాని పరదేశి, ముంగమూరి దేవదాసు వంటివారు ఆ బాటను వెడల్పు చేశారు.

మొదటి వాదం: కీర్తనదే పెద్దరికం

తెలుగు క్రైస్తవ గీతానికి వెన్నెముక భక్తి కీర్తనే అన్నది మొదటి పక్షం. ఆర్.ఆర్. సుందరరావు 1983లో ఇంగ్లీషులో ప్రచురించిన అధ్యయనం తెలుగు కీర్తనల పుస్తకాన్ని భక్తి సాహిత్యంగా చదివింది. పాపి దైన్యం, రక్షకుని కరుణ, పాదసేవ, ఆత్మనివేదన లాంటి భావాలన్నీ వైష్ణవ భక్తికవుల నుడికారంలో సాగాయని ఈ పక్షం చూపిస్తుంది. కీర్తనల మీద అచ్చైన ఆనందభైరవి, ముఖారి, కాంభోజి, బిలహరి, నాదనామక్రియ పేర్లు దీనికి సాక్ష్యం.

సాహిత్యం మట్టుకు ఈ వాదానికి తిరుగులేదు. చిక్కంతా వరసల దగ్గరే. పుస్తకంలో రాగం పేరుంది, స్వరం లేదు. పాట కింద కవి పేరుంది, వరస కట్టినవారి పేరు లేదు. ‘ముఖారి’ అని ఉన్న కీర్తనను సంఘం పాడుతుంటే అందులో ముఖారి జాడ కనిపించని సందర్భాలు ఎన్నో. దీనికి రెండు వివరణలు చెబుతారు. పాడగా పాడగా రాగం అరిగిపోయిందన్నది ఒకటి. రాగం పేరు కవి ఆశయమే తప్ప సంఘం ఆ రాగంలో ఎన్నడూ పాడలేదన్నది రెండోది. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు కానీ, పండితుడు కట్టిన పాట చదువురాని కూలివాడల్లోకి ఎలా వెళ్లిందో ఆలోచిస్తే అదే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది.

తమిళం నుంచి వచ్చిందన్న ఉపవాదం కూడా ఒకటుంది. తంజావూరు వేదనాయక శాస్త్రి (1774–1864) అప్పటికే తమిళంలో క్రైస్తవ కీర్తనలు కట్టాడు. 1853లో అమెరికన్ మదురై మిషన్‌కు చెందిన ఎడ్వర్డ్ వెబ్ తమిళ కీర్తనల సంకలనం వెలువరించాడు. నెల్లూరు, చిత్తూరు వైపు తమిళ ప్రభావం సహజమే. కానీ పురుషోత్తమ చౌధరి ఒడిశా సరిహద్దు మనిషి. ఆయన దాకా తంజావూరు దారి వేయడం కంటే, ఇంటి పక్కనున్న భజనకూటాన్ని చూడటం మేలు.

రెండో వాదం: వాడ పాట

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ధాత కరువు రోజులవి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. అలా సంఘంలోకి వచ్చినవారిలో అత్యధికులు మాదిగ కుటుంబాలవారు. కృష్ణ, గుంటూరు డెల్టాల్లో మాల కుటుంబాలు పెద్దసంఖ్యలో వచ్చాయి. వీళ్లలో చదవగలిగినవారు అతి కొద్దిమంది. బోధ నిలవాలంటే పాటే పుస్తకం కావాలి. వాళ్ల చేతిలో డప్పు ఉంది, నోట్లో ఏలపాట, నాట్లపాట, కోలాటం దరువు ఉన్నాయి. కొత్త మాటలు ఆ పాత వరసల్లో ఒదిగాయని రెండో పక్షం అంటుంది.

ఈ పక్షం చేతిలో ఒక గట్టి సాక్ష్యముంది, దాన్ని వాడుకుంటున్నవారు తక్కువ. 1866లో క్రైస్తవుడైన యెర్రగుంట్ల పేరయ్య ఒంగోలు మాదిగ క్రైస్తవ ఉద్యమానికి ఆద్యుడు. క్రైస్తవంలోకి రాకముందు ఆయన రాజయోగ గురువుల బోధ విన్నవాడని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువడిన తన పుస్తకంలో రాసింది. ఆ గురువుల బోధ నడిచేదే తత్వాల మీద. తంబుర మీటుతూ రాత్రంతా పాడే పాటలవి. పోతులూరి వీరబ్రహ్మం పేరిట పల్లెల్లో పాడుకునే తత్వాల కోవకు చెందినవి. అంటే ఈ వాడలకు నిరాకార దైవాన్ని పాడుకునే అలవాటు, గురువును వేడుకునే అలవాటు క్రైస్తవం కంటే ముందే ఉన్నాయి. వాడ పాటకు మూలం వెతికేవారు నాట్లపాటల దగ్గరే ఆగకుండా తత్వాల దాకా వెళ్లాలి. అక్కడ భక్తిపక్షానికీ వాడపక్షానికీ మధ్య గోడ చాలా పలుచన.

దళిత క్రైస్తవ ఆలోచన 1980ల నుంచి ఈ వాదానికి పదును పెట్టింది. గుళ్లో పూజ్యమైనది రాగతాళాల కీర్తన, పనికిరానిది డప్పు అన్న తరతమాలు పుట్టింది కులం నుంచే కదా అని అది నిలదీసింది. తమిళనాడులో థియోఫిలస్ అప్పావూ మదురై సెమినరీలోనే జానపద బాణీల ఆరాధన గీతాలు కట్టి ఈ ప్రశ్నను ఆచరణలో పెట్టాడు. ప్రశ్న న్యాయమైనది. అయితే దీని పేరుతో పురుషోత్తమ చౌధరిని కులపు ప్రతినిధిగా నిలబెట్టడం సరికాదు. కులాన్ని ఖండిస్తూ ‘కులాచార పరీక్ష’ రాసినవాడాయన. ఆయన కీర్తనలను సొంతం చేసుకుని, తమ గొంతుకు తగ్గట్టు మలుచుకుని నిలబెట్టినవి కూడా ఈ వాడలే.

మూడో వాదం: సముద్రం దాటి వచ్చిన వరసలు

పడమటి పాటల అనువాదాలు లేకపోతే తెలుగు క్రైస్తవ గానమే లేదని మిషన్ స్కూళ్లలో చదువుకున్న తరం నమ్మింది. పట్నాల్లో నాలుగు గొంతుల క్వయర్, ఆర్గన్, క్రిస్మస్ క్యారల్స్ ఇచ్చిన అందం కాదనలేనిది. కానీ అనువాదంలో ఒక చిక్కుంది, దాన్ని దగ్గరగా చూడాలి. ఇంగ్లీషు పాటల్లో బాగా వాడుకలో ఉన్న వరసలు చాలావాటిలో మొదటి అక్షరం తేలిక, రెండోది బరువు. తాళపు దెబ్బ రెండో అక్షరం మీద పడుతుంది. తెలుగులో ‘యేసు’ అన్న మాటను అక్కడ పెట్టి చూడండి. దీర్ఘమైన ‘యే’ దెబ్బకు ముందే జారిపోతుంది, హ్రస్వమైన ‘సు’ మీద దెబ్బ పడి అది సాగుతుంది. ‘దేవుడు’, ‘ప్రాణము’, ‘రాజు’ అన్నిటికీ అదే గతి. గురులఘువుల మీద బతికే భాషకు ఇది గొంతు నొక్కడమే. మిషనరీల్లోనే కొందరు ఈ సంగతి గ్రహించారు. లండన్ మిషన్‌కు చెందిన హెచ్.ఏ. పాప్లీ దక్షిణాది రాగాలు నేర్చి, 1921లో భారతీయ సంగీతం మీద పుస్తకమే రాశాడు.

అయితే అన్ని అనువాదాలూ ఒక్కటి కావు. కొన్నింటిని సంఘాలు తమ తాళంలోకి లాక్కుని, తమ గమకం పెట్టి, పుట్టిల్లు గుర్తుపట్టలేనంతగా మార్చేశాయి. వాటిని విదేశీ పాటలనడం ఎంత నిజమో దేశీ పాటలనడమూ అంతే నిజం.

మూడు పక్షాలనూ పక్కపక్కన పెడితే బలాబలాలు తెలుస్తాయి. కీర్తన పక్షానికి అచ్చు ఆధారం ఉంది, చెవి ఆధారం తక్కువ. వాడ పక్షానికి చెవి ఆధారం పుష్కలం, కాగితం తక్కువ. పడమటి పక్షం ఒక్కటే వరస ఎవరిదో ఎన్నో సందర్భాల్లో పేరు, సంవత్సరం సహా చెప్పగలదు. ఎందుకంటే అక్కడ స్వరలిపి అచ్చయింది. కాగితం ఉన్నంత మాత్రాన మూలం వారిదని తేలిపోదు. ఈ తేడా గుర్తుంచుకోకుండా చేసిన తీర్పులే ఇప్పటికీ వ్యాసాల్లో తిరుగుతున్నాయి.

సినిమా, క్యాసెట్, ట్రాక్

1938లో దేవదాసు అయ్యగారి బైబిల్ మిషన్, ఆ తర్వాత బక్త్ సింగ్ (1903–2000) హెబ్రోను సంఘాలు, పెంతెకొస్తు సంఘాలు పాటకు కొత్త గిరాకీ తెచ్చాయి. రాత్రంతా ప్రార్థన, రోజుల తరబడి కూటములు. వీటికి పుస్తకంలోని కీర్తనలు చాలవు. తేలిగ్గా పట్టుబడే, చప్పట్లకు తగిన పాటలు కావాలి. బైబిల్ మిషన్ వంటి దేశీయ సంఘాల మీద పులిదిండి సాల్మన్ రాజ్ 1986లో ప్రచురించిన పుస్తకం ఈ మార్పును చిన్నచూపు చూడకుండా అర్థం చేసుకున్న తొలి ప్రయత్నాల్లో ఒకటి. బాప్టిస్టు సంఘంలో ఎ.బి. మసిలామణి (1914–1990) పండితులకూ పామరులకూ పట్టుబడే పాట రాశాడు. 1978లో ‘కరుణామయుడు’ వచ్చాక మోదుకూరి జాన్సన్ పాట సినిమా హాలు నుంచి నేరుగా గుళ్లోకి నడిచింది. గుంటూరు హోసన్నా మందిరం కొత్త సంవత్సరానికి కొత్త పాటలు విడుదల చేసే ఆనవాయితీతో కీర్తన ఆల్బమ్ అయింది.

సినిమా వరసలో భక్తిపాట పాడొచ్చా అన్న తగవు ఇక్కడే రగిలింది. వద్దనేవారు ‘ఆ వరస వినగానే హీరోహీరోయిన్లు కళ్లముందు ఆడతారు’ అంటారు. తప్పులేదనేవారు హాస్లర్ ప్రేమగీతాన్నీ, ఎఫ్రేమునూ సాక్ష్యం తెస్తారు, పక్క వీధి అయ్యప్ప భజనలను కూడా చూపిస్తారు. నా దృష్టిలో మొదటి అభ్యంతరం కాలంతో పాటు కరిగిపోతుంది, ఒక తరం దాటితే సినిమా ఎవరికీ గుర్తుండదు. కరగనిది మరొకటుంది. వరస కట్టిన సంగీత దర్శకుడు పేరున్న మనిషి, ఆయనకు హక్కులున్నాయి. అడగకుండా వాడుకుని, పాట కింద మాటలు రాసినవారి పేరు మాత్రమే వేసుకోవడం దొంగతనమే. పూర్వం వరస కట్టినవారి పేరు తెలియక వదిలేశారు, ఇప్పుడు తెలిసీ వదిలేస్తున్నారు.

గాలాలో తేలుతున్న సంగతి

గల్ఫ్ సంఘాల గానం గురించి పరిశోధకులు ఇంకా పెద్దగా రాయలేదు. కానీ వాదం మొత్తం అక్కడ ఒక్క శుక్రవారంలో వినిపిస్తుంది. రుసైల్ లాంటి చోట్ల షిఫ్టుల్లో పనిచేసేవారికి పాట నేర్చుకునే సాధనం ఫోను. వాయిద్యకారులు తక్కువ కాబట్టి కీబోర్డే తబలా, డోలక్, తాళాలు అన్నీ అవుతుంది. దీనివల్ల ఒక నష్టం జరుగుతోంది. కీర్తనల పుస్తకంలో చాపు తాళపు పాటలు చాలా ఉన్నాయి. మిశ్రచాపు అంటే ఏడు: తకిట తకధిమి, మూడూ నాలుగూ. కీబోర్డులో సులువుగా దొరికే రిథమ్‌లు నాలుగుకో ఆరుకో కట్టినవి. ఏడు అక్షరాల పాటను ఎనిమిదిలోకి సాగదీస్తే చివర ఒక ఖాళీ మిగులుతుంది, ఆరులోకి కుదిస్తే ఒక గురువు లఘువైపోతుంది. ఆ కుంటినడకే పాట అందం, అదే పోతోంది. ఆంధ్ర, తెలంగాణ పట్నాల గుళ్లలోనూ ఇదే జరుగుతోంది. గల్ఫ్‌లో మరింత వేగంగా జరుగుతోంది, ఎందుకంటే ‘అలా కాదు, ఇలా’ అని తాళాలు చేతబట్టి సరిదిద్దే పెద్దలు అక్కడ లేరు.

లాభం కూడా ఉంది. నాలుగు జిల్లాలవారు కలిసి పాడాలంటే ఎవరి వరస పాడాలో తేల్చుకోవాలి. అలా తేల్చుకునేటప్పుడే ‘మా ఊళ్లో ఇలా పాడతారు’ అన్న మాట పైకి వస్తుంది. సొంతూళ్లో ఎవరికీ రాని ఆలోచన అది. అక్కడ ఉన్నది ఒక్కటే వరస కదా.

ఇంకా తేలనివి

మొదటిది, వరసల వయసు. దీనికి ఒక మార్గం కనిపిస్తోంది. విశాఖ వైపు లండన్ మిషన్, బందరులో 1841 నుంచి ఆంగ్లికన్ సీఎంఎస్, గుంటూరులో 1842 నుంచి లూథరన్లు, నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు చాలాకాలం ఎవరి ప్రాంతంలో వారు పనిచేశారు. ఒక కీర్తన శ్రీకాకుళంలోనూ నెల్లూరులోనూ ఒకే వరసలో వినిపిస్తే, స్వరలిపి లేని పుస్తకం దాన్ని మోసుకెళ్లి ఉండదు. మనుషులే మోసి ఉండాలి, లేదా ఆ వరస అంతకుముందే రెండుచోట్లా తెలిసినదై ఉండాలి. రెండూ వేరైతే, మాటలు అచ్చులో ప్రయాణించి ఊరూరా కొత్త వరస కట్టించుకున్నాయని అర్థం. క్యాసెట్లు వ్యాపించిన తర్వాత నేర్చుకున్నవారి పాట ఈ పోలికకు పనికిరాదు.

రెండోది, ఆడవారి పాత్ర. ఇంటింటికీ తిరిగి బోధించిన బైబిలు స్త్రీలు పాటతోనే గడప దాటారు. కీర్తనల పుస్తకంలో కవుల పేర్లు చూస్తే ఎక్కువమంది మగవారే. వరసలు కట్టినవారిలో, మార్చినవారిలో ఆడవారు ఎందరో చెప్పే ప్రయత్నం ఇంతవరకు జరగలేదు.

మూడోది, కతోలిక శాఖ. 1963లో రెండో వాటికన్ సభ ఆరాధనలో ప్రజల భాషలకు తలుపు తీశాక తెలుగు పూజాగీతాలు వెల్లువెత్తాయి. అంతకుముందు లాటిన్ పూజకు పక్కన, పండుగల్లో, జాగరణల్లో తెలుగువారు పాడుకున్నవేమిటన్నది ప్రొటెస్టెంటు కీర్తనలతో కలిపి చదవాల్సిన అధ్యాయం. ఇద్దరూ ఎవరి చరిత్ర వారే రాసుకున్నారు.

పోలికకు కావాల్సిన మనుషులు రెండుచోట్ల ఉన్నారు. తేడాలు ఎక్కడున్నాయో గుర్తుపట్టగలవారు గాలాలో, దోహాలో, కువైట్‌లో కలిసి పాడుతున్న పనివారు. క్యాసెట్ రాకముందు నేర్చుకున్న వరసను ఇంకా నోట నిలుపుకున్నవారు వాళ్ల అమ్మమ్మలు, నాయనమ్మలు. వాళ్లున్నది ప్రకాశం, కర్నూలు, మెదక్ పల్లెల్లో. కీర్తన సంఖ్య, ఊరు, పాడినవారి వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న నాలుగు వివరాలతో ఫోనులోనే రికార్డు చేసి పెడితే, ‘అసలు వరస’ గురించి మాట్లాడటానికి మొదటిసారిగా సరుకు దొరుకుతుంది.